లెక్క అడిగే హక్కు

(మహిళా కార్యకర్తలు, కళాశాల అధ్యాపకులు కలిసి రాజమండ్రిలో జరుపుకున్న సమావేశంలో ఒక గణిత అధ్యాపకురాలు చేసిన ప్రసంగ పాఠం)

ఈ సమావేశంలో మాట్లాడమని నన్ను పిలిచినప్పుడు మొదట కొంచెం సంకోచించాను. ఇక్కడ కూర్చున్నవాళ్ళలో చాలామంది కూలి రేట్ల కోసం పోరాడినవాళ్ళు, గృహహింస కేసుల్లో పోలీసు స్టేషన్ల చుట్టూ తిరిగినవాళ్ళు, పొదుపు సంఘాల పుస్తకాలు రాసినవాళ్ళు. నేను డిగ్రీ పిల్లలకు లెక్కలు చెప్పే మనిషిని. లెక్కలకూ స్త్రీల హక్కులకూ ఏమిటి సంబంధం అని మీకు అనిపించవచ్చు. చాలా ఏళ్ళు నాకూ అలాగే అనిపించింది. ఆ అభిప్రాయం ఎలా మారిందో చెప్పి, ఆ తర్వాత మీ దగ్గర ఒక సహాయం అడుగుతాను.

డిగ్రీలో మేం అవకలన సమీకరణాలు, అంటే డిఫరెన్షియల్ ఈక్వేషన్స్, చెబుతాం. ఆ పాఠంలో తప్పనిసరిగా ఒక లెక్క ఉంటుంది. ఒక తొట్టి నిండా మంచినీళ్ళు ఉన్నాయి. ఒక గొట్టం గుండా నిమిషానికి ఇన్ని లీటర్ల ఉప్పునీళ్ళు లోపలికి వస్తున్నాయి. ఇంకో గొట్టం గుండా కలిసిన నీళ్ళు బయటికి పోతున్నాయి. గంట తర్వాత తొట్టిలో ఉప్పు ఎంత? ప్రపంచంలో ఏ దేశం పుస్తకం తీసినా ఈ లెక్క కనిపిస్తుంది. నేనూ ఏళ్ళ తరబడి చెప్పాను. ఒకసారి ఒకమ్మాయి లేచి, "మంచినీళ్ళ తొట్టిలో ఉప్పునీళ్ళు ఎవరు పోస్తారు మేడమ్?" అని అడిగింది. క్లాసంతా నవ్వింది. నేనూ నవ్వి, "లెక్క కోసం అలా అనుకోవాలమ్మా" అన్నాను. వెనక బెంచీలోంచి భీమవరం వైపు నుంచి వచ్చే అమ్మాయి, "మా ఊళ్ళో రొయ్యల చెరువులవాళ్ళు పోస్తారండి" అంది.

ఆ మాటకి ఎవరూ నవ్వలేదు. డెల్టాలో వేసవికి కాలవలు కట్టేస్తారని మీకు తెలుసు. కట్టేముందు ఊరి మంచినీళ్ళ చెరువు నింపుకోవాలి. మళ్ళీ కాలవ వచ్చేదాకా ఆ నీళ్ళే దిక్కు. పక్కనే రొయ్యల చెరువులుంటే అడుగునుంచి ఉప్పు ఊరుతుంది. పైనుంచి ఎండకు నీళ్ళు ఆవిరవుతాయి. నీళ్ళు పోతాయి కాని ఉప్పు పోదు. బిందెలతో తోడుకుంటే నీళ్ళతోపాటు ఉప్పు కూడా పోతుంది, కాబట్టి మిగిలిన నీళ్ళ రుచి మారదు. అదే ఎండకు ఆవిరై చెరువు సగమైతే, మిగిలిన నీళ్ళలో ఉప్పు రెండింతలవుతుంది. తాగే నీళ్ళలో కరిగిన లవణాలు లీటరుకు 500 మిల్లీగ్రాములు దాటకూడదని మన దేశ ప్రమాణం. వేరే నీళ్ళు దొరకనప్పుడు 2000 దాకా సరిపెట్టుకోవచ్చని కూడా అందులోనే ఉంది. 400తో మొదలైన చెరువు, ఉప్పేమీ ఊరకపోయినా, ఎండకు సగమయ్యేసరికి 800కు చేరుతుంది. అంటే ఎండలు ముదిరేకొద్దీ, పక్క చెరువులు పెరిగేకొద్దీ ఈ ఊరు ఏ తేదీన 500 దాటుతుందో మా డిగ్రీ అమ్మాయి కాగితం మీద కట్టి చూపించగలదు. ఆ తేదీ నుంచే కదా ఆమె తల్లి దూరం నుంచి మోసుకురావడమో, డబ్బు పెట్టి నీళ్ళ టిన్ను కొనడమో మొదలయ్యేది!

పుస్తకంలో ఉన్న సమీకరణం అదే. మేం మార్చింది తొట్టిని మాత్రమే. అయినా ఆ రోజు నుంచి నాకు ఒక ప్రశ్న పట్టుకుంది. ఈ పిల్లల బతుకుల్ని నిర్ణయించే అంకెలన్నీ ఏదో ఒక లెక్క నుంచి వచ్చినవే. ఆ లెక్క కట్టడానికి కావలసిన గణితమంతా వాళ్ళకు మేం నేర్పుతున్నాం. కాని ఆ అంకెల్ని మాత్రం ఒక్కసారి కూడా తరగతిలోకి రానివ్వడం లేదు. ఎందుకని?

ధవళేశ్వరం అడుగులు

వరద సంగతే తీసుకోండి. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు వస్తే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. అప్పుడు నదిలో ప్రవాహం వరసగా సుమారు 10 లక్షలు, 13 లక్షలు, 17 లక్షల క్యూసెక్కులు. గోదావరి జిల్లాల్లో పుట్టిన పిల్లలకు ఈ అంకెలు ఎక్కాల్లాగా వచ్చు. క్యూసెక్కు అంటే సెకనుకు ఎన్ని లీటర్లని అడగండి, చాలామంది చెప్పలేరు. సుమారు 28 లీటర్లు, అంటే రెండు పెద్ద బిందెల నీళ్ళు. 1986 ఆగస్టులో వచ్చిన వరద 35 లక్షల క్యూసెక్కులు. సెకనుకు 70 లక్షల బిందెలు అనుకుంటే దాని తీవ్రత అర్థమవుతుంది.

ఈ మూడు హెచ్చరికల్ని పిల్లల చేత గ్రాఫు కాగితం మీద గుర్తింపజేశాను. మొదటి రెండు అడుగులకు 3 లక్షల క్యూసెక్కులు పెరిగాయి. తర్వాతి నాలుగు అడుగులకు 4 లక్షలు పెరిగాయి. మూడు బిందువులూ ఒకే సరళరేఖ మీద పడవు. ఎందుకు పడవు? బ్యారేజీ దగ్గర అడుగు పెరిగితే మా లంకలో ఎన్ని అడుగులు పెరుగుతుంది? నీళ్ళు ఇంటి గుమ్మానికి రావడానికి ఎన్ని గంటలు పడుతుంది? ఇవన్నీ పిల్లలు అడిగిన ప్రశ్నలే. వాటికి జవాబు చెప్పగలిగిన కొలతలు నీటిపారుదల శాఖ దగ్గర ఉంటాయి. వాటిని అడగాలన్న ఆలోచన మాత్రం తరగతిలో పుట్టింది.

అవకలజం అంటే ఏమిటని పరీక్షలో అడుగుతాం. మార్పు రేటు అని రాస్తారు, మార్కులు వేస్తాం. కాని లంకలో ఉన్న ఆడమనిషికి నీళ్ళు ఎంత ఉన్నాయన్నదానికంటే గంటకు ఎంత పెరుగుతున్నాయన్నది ముఖ్యం. ముసలి అత్తగారిని, నెలలు నిండిన కూతురిని, గేదెను, రేషన్ కార్డు పెట్టిన సంచీని, వీటిలో దేన్ని ముందు గట్టుకు చేర్చాలో ఆమే నిర్ణయించుకోవాలి. రెండో హెచ్చరికకూ మూడో హెచ్చరికకూ మధ్య ఎన్ని గంటలుందో ఆమెకు తెలియాలి. అవకలజం ఆమెకు కావలసిన సమాచారం. దాన్ని మనం పరీక్ష పేపరులో దాచిపెట్టుకున్నాం.

ఇంకో మాట "వందేళ్ళ వరద". వందేళ్ళకొకసారి వస్తుందట కదా, మొన్ననే వచ్చింది కాబట్టి ఇక మన జన్మలో రాదులే అనుకుంటారు. ఆ మాటకు అర్థం అది కాదు. ఏ ఏడాదికా ఏడాది అలాంటి వరద రావడానికి నూటికి ఒక వంతు అవకాశం ఉందని మాత్రమే. అప్పు చేసి ఇల్లు కట్టుకున్న ఆమె ఆ ఇంట్లో 30 ఏళ్ళు ఉందనుకోండి. ఒక్క ఏడాది రాకుండా ఉండే అవకాశం 0.99. ముప్ఫై ఏళ్ళూ రాకుండా ఉండాలంటే దాన్ని ముప్ఫైసార్లు హెచ్చవేయాలి. సుమారు 0.74 వస్తుంది. అంటే కనీసం ఒక్కసారైనా వచ్చే అవకాశం నూటికి 26. నాలుగు ఇళ్ళలో ఒక ఇల్లు అన్నమాట. ఇది ఇంటర్మీడియట్ సంభావ్యత పాఠం. పునరావాస కాలనీకి స్థలం చూపించినప్పుడు ఆ స్థలం ఎన్నేళ్ళ వరదకు మునుగుతుందని అడగడానికి ఇంతకంటే పెద్ద చదువు అక్కర్లేదు.

ఇక్కడే వాతావరణ మార్పు వస్తుంది. వందేళ్ళ వరద అన్న అంచనా పాత కొలతల నుంచి కట్టింది. రేపటి వానలు నిన్నటి వానల్లాగే ఉంటాయన్న నమ్మకం అందులో ఉంది. గాలి ఒక డిగ్రీ వేడెక్కితే అది పట్టుకోగల నీటి ఆవిరి సుమారు 7 శాతం పెరుగుతుంది. ఒక్కరోజులో కురిసే అతి భారీ వర్షాల తీవ్రత కూడా ప్రపంచం మొత్తం మీద చూస్తే దాదాపు అదే లెక్కన పెరుగుతుందని ఐక్యరాజ్యసమితి శాస్త్రవేత్తల బృందం 2021 నివేదికలో చెప్పింది. ఇది చక్రవడ్డీ లాంటిది. రెండు డిగ్రీలకు 14 శాతం మీద ఇంకాస్త. మన గోదావరిలో 2022లో వరద జులైలోనే వచ్చింది. ధవళేశ్వరం దగ్గర 25 లక్షల క్యూసెక్కులు దాటింది, భద్రాచలం దగ్గర 71 అడుగులు దాటింది. ఒక్క వరదను చూపించి ఇది వాతావరణ మార్పేనని తేల్చేయడం తప్పు. ఏది తేల్చవచ్చో, ఏది తేల్చకూడదో నేర్పడం కూడా గణితం పనే. కాని పాత కొలతల మీద కట్టిన అంచనాను మళ్ళీ కట్టి చూపించమని అడగడం మాత్రం ముమ్మాటికీ న్యాయం.

అప్పు లెక్క, ఒండ్రు లెక్క

మీలో పొదుపు సంఘాల్లో పనిచేసేవాళ్ళకు ఒక ప్రశ్న. ఒక ఇంట్లో నెలకు 5 వేలు కొత్తగా అప్పు తెస్తున్నారు, 2 వేలు తీరుస్తున్నారు. కొన్నాళ్ళకు బుద్ధి తెచ్చుకుని తెచ్చే అప్పును 4 వేలకు తగ్గించారు. ఇప్పుడు వాళ్ళ అప్పు తగ్గుతోందా, పెరుగుతోందా? పెరుగుతోందని మీరు వెంటనే చెబుతారు. తెచ్చేదానికంటే తీర్చేది ఎక్కువైతే తప్ప అప్పు తగ్గదని సంఘంలో ప్రతి ఆడమనిషికీ తెలుసు.

గాలిలో బొగ్గుపులుసు వాయువు లెక్క ఇదే. మనుషులు వదిలేదాంట్లో సుమారు సగమే నేలా చెట్లూ సముద్రమూ పీల్చుకుంటున్నాయి, మిగిలింది గాలిలో పేరుకుంటోంది. 1958లో కొలవడం మొదలుపెట్టినప్పుడు పది లక్షల వంతుల్లో 315 ఉండేది, 2024 సగటు 420 దాటింది. వదిలేది కాస్త తగ్గిస్తే పేరుకున్నది కూడా తగ్గిపోతుందని చాలామంది పొరబడతారు. అమెరికాలో పేరుమోసిన ఎం.ఐ.టి. విద్యార్థుల మీద జాన్ స్టెర్మన్ అనే ఆచార్యుడు 2007లో ప్రచురించిన అధ్యయనంలో, అక్కడి పెద్ద చదువుల పిల్లల్లో కూడా ఎక్కువమంది ఈ పొరపాటే చేశారు. మన సంఘం అక్కలు ఆ పొరపాటు చేయరు. వాళ్ళకున్న ఈ జ్ఞానాన్ని జ్ఞానమని మనం ఎప్పుడూ అనలేదు, అంతే తేడా.

ఇదే సమీకరణాన్ని ఇప్పుడు మన కాళ్ళ కింది నేలకు వర్తింపజేయండి. గోదావరి తెచ్చి పోసిన ఒండ్రుతోనే డెల్టా ఏర్పడింది. నది తెచ్చేది ఒకవైపు, సముద్రం కోసుకుపోయేది ఇంకోవైపు. ఆంధ్ర విశ్వవిద్యాలయం ఆచార్యులు కె. నాగేశ్వరరావు, ఆయన సహచరులు 2010లో ప్రచురించిన పరిశోధన ప్రకారం, 1970లలో గోదావరి ఏడాదికి సుమారు 15 కోట్ల టన్నుల ఒండ్రు తెచ్చేది. 2000 తర్వాత అది 5.7 కోట్ల టన్నులకు పడిపోయింది. మిగిలిన ఒండ్రు ఎగువన కట్టిన జలాశయాల్లో ఆగిపోతోంది. కృష్ణా, గోదావరి డెల్టాల తీరం కలిపి చూస్తే 1965 నుంచి 2008 మధ్య నికరంగా 76 చదరపు కిలోమీటర్ల నేల సముద్రంలో కలిసిపోయిందని వాళ్ళు లెక్కకట్టారు. ఉప్పాడ వెళ్ళినవాళ్ళకు ఈ అంకె అర్థం వివరించక్కర్లేదు. తెచ్చేది తగ్గింది, పోయేది తగ్గలేదు, సముద్రమట్టమా పెరుగుతోంది. దివాలా తీస్తున్న ఇంటి పద్దు ఎలా ఉంటుందో ఇది అలాగే ఉంది.

సగటు ఎవరిని దాచిపెడుతుంది?

ఇప్పుడు హక్కుల విషయానికి వద్దాం. సగటు, అంటే యావరేజి, చాలా అమాయకంగా కనిపిస్తుంది. పంట బీమాలో విస్తీర్ణం ఆధారంగా పరిహారం కట్టే పద్ధతి ఒకటుంది. ఒక ఊరిని ఒక యూనిట్‌గా తీసుకుని ఊరి సగటు దిగుబడి చూస్తారు. నమూనాకు ఒక చిన్న ఊరు తీసుకుందాం. పది ఎకరాలు, ఎకరాకు మామూలుగా 30 బస్తాలు. హామీ దిగుబడి అందులో 80 శాతం, అంటే 24 బస్తాలు. డ్రెయిను పక్కన పల్లంలో ఉన్న మూడెకరాలు మునిగి గింజ కూడా రాలేదు. మెరక మీద ఉన్న ఏడెకరాలూ బాగా పండాయి. ఊరి సగటు 21 బస్తాలు. హామీకి 3 బస్తాలు తక్కువ. 24లో 3 అంటే ఎనిమిదో వంతు. కాబట్టి ఊళ్ళో అందరికీ బీమా మొత్తంలో ఎనిమిదో వంతు ఇస్తారు. పంటంతా పోయిన ఆమెకు రూపాయికి రెండణాలు, ఏమీ పోని ఆయనకూ రూపాయికి రెండణాలు. మునిగింది మూడెకరాలు కాక రెండెకరాలే అయితే సగటు సరిగ్గా 24. అప్పుడు ఎవరికీ కానీ కూడా రాదు.

మన జిల్లాల్లో పల్లపు చేను ఎవరిది? కౌలుకు ఎవరు చేస్తున్నారు? రికార్డులో పేరెవరిది? 2019లో వచ్చిన పంట సాగుదారుల హక్కుల చట్టం కూడా కౌలు కార్డుకు భూయజమాని సంతకం కావాలంది. సంతకం పెట్టని చోట, చేలో దిగి నాటు వేసినా, అప్పు చేసి ఎరువు చల్లినా ఆ స్త్రీ ఏ లెక్కలోనూ లేదు. ఇన్‌పుట్ సబ్సిడీకి పంటనష్టం 33 శాతం దాటాలని 2015 నుంచి నిబంధన. అంతకుముందు 50 శాతం ఉండేది. 32 శాతం నష్టపోయిన ఆమెకూ 34 శాతం నష్టపోయిన ఆమెకూ మధ్య తేడా గీతే కదా! ఆ గీత ఎక్కడ గీయాలన్నది గణితం చెప్పదు. అది రాజకీయ నిర్ణయం. ఏది లెక్కో, ఏది నిర్ణయమో విడదీసి చూపించగలగడం చాలా పెద్ద శక్తి. అధికారులు ఎప్పుడూ నిర్ణయాన్ని లెక్కలాగా చూపిస్తారు. "లెక్క ప్రకారం మీకు రాదమ్మా" అంటారు. ఆ మాటకు బెదరని అమ్మాయిల్ని తయారుచేయాలి.

1996 నవంబరు 6 రాత్రి తుపాను మీలో పెద్దవాళ్ళకు గుర్తుంటుంది. కోనసీమ తీరంలో వెయ్యిమందికి పైగా చనిపోయారు. వేటకు వెళ్ళిన మత్స్యకారులు ఎందరో తిరిగి రాలేదు. శవం దొరికితే "మృతుడు", దొరకకపోతే "గల్లంతు". పట్టికలో ఇవి పక్కపక్క గడులు. ఏడేళ్ళు కబురు లేకపోతేనే మనిషి చనిపోయినట్లు భావించాలన్నది మన సాక్ష్య చట్టంలోని మామూలు సూత్రం. ఏ గడిలో పడ్డాడన్నదాన్ని బట్టి ఒక స్త్రీ వితంతువా కాదా, పింఛను అడగవచ్చా లేదా అన్నది ఆధారపడుతుంది. సాంఖ్యక శాస్త్రంలో వర్గీకరణ అనే పాఠం చెప్పేటప్పుడు ఈ రెండు గడుల గురించి చెప్పకపోతే ఆ పాఠం చెప్పనట్లే.

కొత్త కాదు, కొత్తగా మొదలుపెట్టాలి

ఇదేదో పాశ్చాత్యుల దగ్గర నేర్చుకున్న కొత్త ఫ్యాషన్ అని కొందరు అనవచ్చు. కాదు. 1926లో ఒరిస్సాలో బ్రాహ్మణీ నదికి పెద్ద వరద వచ్చింది. నది అడుగు మేట వేసి పైకి లేచిందని, గట్లు ఎత్తు పెంచాలని ఇంజనీర్లు అన్నారు. ప్రశాంత చంద్ర మహలనోబిస్ సుమారు అరవై ఏళ్ళ కొలతలు తీసి, నది అడుగు పైకి లేవలేదని, ఎగువన కురిసిన అసాధారణ వర్షమే కారణమని చూపించారు. మన దేశంలో సాంఖ్యక శాస్త్రం బలపడింది ఇలాంటి పనుల మీదే. ఆ మహలనోబిస్ దగ్గరికి వెళ్ళిన సి.ఆర్. రావు మన ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివినవారే.

స్త్రీల పాత్ర కూడా కొత్తది కాదు. బొగ్గుపులుసు వాయువు నింపిన సీసా ఎండలో మామూలు గాలి సీసా కంటే ఎక్కువ వేడెక్కుతుందని 1856లో ప్రయోగం చేసి చూపించింది యూనిస్ ఫుట్ అనే అమెరికన్ స్త్రీ. 1848లో సెనెకా ఫాల్స్‌లో స్త్రీల హక్కుల ప్రకటన మీద సంతకం పెట్టినవాళ్ళలో ఆమె ఒకరు. ఆమె పేపరును శాస్త్రవేత్తల సభలో చదివింది మాత్రం ఒక పురుషుడు. తర్వాత వంద సంవత్సరాలకు పైగా ఆమెను మరిచిపోయారు. మన దేశంలో ఎండనూ గాలినీ కొలిచే పరికరాలకు, పద్ధతులకు పునాదులు వేసినవారిలో అన్నా మణి ముఖ్యురాలు. మా పాఠ్యపుస్తకాల్లో ఈ ఇద్దరి పేర్లూ ఉండవు.

ప్రపంచవ్యాప్తంగా గణిత సంఘాలు 2013ను భూగోళ గణిత సంవత్సరంగా జరుపుకున్నాయి, యునెస్కో దానికి అండగా నిలిచింది. మన దగ్గర జరిగిందేమిటంటే, ఎం.సి. మెహతా కేసులో 1991లో సుప్రీంకోర్టు ఇచ్చిన ఆదేశం నుంచి, 2004 నాటికి పర్యావరణ విద్య డిగ్రీలో తప్పనిసరి అయింది. మంచిదే. కాని అది విడిగా ఒక పేపరయింది. పరీక్షకు ముందు రాత్రి బట్టీపట్టి మరునాడు మరిచిపోయే పేపరయింది. గణితం తరగతి తలుపు దాకా కూడా అది రాలేదు.

పాఠంలో ఏముందన్నది ఎంత ముఖ్యమో మనకు తెలియనిదా! నెల్లూరు జిల్లా అక్షరాస్యత ఉద్యమంలో సీతమ్మ కథ అనే వాచకం పాఠం చదువుకున్న దూబగుంట స్త్రీలు సారా దుకాణం మూయించారు. 1992లో అది రాష్ట్రమంతా పాకింది. అక్షరాలు అవే. పాఠంలో వాళ్ళ బతుకు ఉండటం వల్ల ఆ అక్షరాలకు బలం వచ్చింది. అంకెలకు కూడా అలాంటి పాఠం కావాలి.

అభ్యంతరాలు

నా తోటి అధ్యాపకులు చెప్పే అభ్యంతరాలు దాచను. సిలబస్సే పూర్తికావడం లేదు, ఇవన్నీ ఎక్కడ పెడతావంటారు. నేను కొత్త యూనిట్ అడగడం లేదు. తొట్టి లెక్క తీసేసి చెరువు లెక్క పెట్టమంటున్నాను. పిల్లలు ఉద్యోగ పరీక్షలు రాయాలి కదా అంటారు. చెరువు లెక్క చేసిన అమ్మాయికి తొట్టి లెక్క వస్తుంది. గణితం స్వచ్ఛమైనది, దాంట్లోకి రాజకీయాలు తేవద్దంటారు. మాంసం కొట్టే కత్తి, ఆపరేషన్ కత్తి రెండూ కత్తులే, ఎవరి చేతిలో ఉందన్నదే ప్రశ్న. గణితం ఇప్పటికే బీమా కంపెనీ చేతిలో, కాంట్రాక్టరు చేతిలో ఉంది. పల్లపు చేను ఆమె చేతిలో లేదు, అంతే.

ఒక్క అభ్యంతరాన్ని మాత్రం గౌరవిస్తాను. పిల్లల్ని ఊళ్ళోకి పంపి బీదవాళ్ళ కష్టాలు అంకెలుగా రాయించుకుని, మార్కులు వేసుకుని, ఆ కాగితాలు అటకెక్కిస్తే అది ఇంకో దోపిడీ. కాబట్టి మేం ఒక నియమం పెట్టుకోవాలి. ఎవరి దగ్గర కొలతలు తీసుకున్నామో, తేలిన లెక్క వాళ్ళకు తిరిగి వెళ్ళి చెప్పాలి, తెలుగులో చెప్పాలి. నన్నయ కాలానికి చెందినవాడని చెప్పుకునే పావులూరి మల్లన మహావీరాచార్యుల గణితసారసంగ్రహాన్ని ఈ గోదావరి సీమలోనే తెలుగు చేశాడు. వెయ్యేళ్ళ కిందట సాధ్యమైన పని ఇప్పుడు కాదంటే ఎలా? ఇంగ్లీషులో పాఠం చదివిన అమ్మాయి దాన్ని వాళ్ళమ్మకు తెలుగులో చెప్పలేకపోతే తనకు కూడా పూర్తిగా అర్థం కానట్లే.

మీరు చేయగలిగింది

ఇప్పుడు నేను అడగదలచుకున్న సహాయం. మొదటిది, మీ దగ్గరున్న పుస్తకాలు. ఏ వాడలో ఎన్ని ఇళ్ళు ఎంతలోతు మునిగాయో, ఏ నెలలో నీళ్ళు కొనడం మొదలైందో, ఎండల వల్ల ఎన్ని పనిదినాలు పోయాయో మీ సంఘాల నోటుబుక్కుల్లో ఉంటుంది. ప్రభుత్వం దగ్గర లేని కొలతలు అవి. పేర్లు తీసేసి వాటిని మా తరగతికి తీసుకురండి. మీరే వచ్చి ఒక గంట మాట్లాడండి.

రెండోది, మన రాష్ట్రంలో డిగ్రీ పిల్లలకు 2020-21 పాఠ్యప్రణాళికతో కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు వచ్చింది. చాలాచోట్ల అది ఎవరో రాసిన నివేదికను కాపీ చేయడంగా మిగిలిపోతోంది. మీ ఊరి సమస్యను ఆ ప్రాజెక్టుగా మీరు ఇవ్వండి. మంచినీళ్ళ చెరువు, డ్రెయిను, వరద గుర్తులు, బీమా లెక్క, ఏదైనా సరే. 2005 నాటి సమాచార హక్కు చట్టం కింద వర్షపాతం, నీటిమట్టం, పంటకోత ప్రయోగాల అంకెలు అడిగే దరఖాస్తు మీరు పెట్టండి, వచ్చిన అంకెల్ని చదివిపెట్టే పని మా పిల్లలు చేస్తారు.

మూడోది, విశ్వవిద్యాలయాల పాఠ్యప్రణాళిక సంఘాలకు మనం కలిసి వెళ్దాం. అవకలన సమీకరణాల్లో, సాంఖ్యక శాస్త్రంలో ప్రతి యూనిట్‌లోనూ కనీసం ఒక లెక్క ఈ ప్రాంతపు నీరు, నేల, వాతావరణం నుంచి ఉండాలని, దానిమీద పరీక్షలో ప్రశ్న రావాలని అడుగుదాం. పరీక్షలో రానిది తరగతిలో నిలవదని నాకు అనుభవం.

ఒక్క మాట చెప్పి ముగిస్తాను. కందుకూరి వీరేశలింగం 1874లో బాలికల కోసం పాఠశాల పెట్టింది ధవళేశ్వరంలో. అప్పటికే అక్కడ కాటన్ ఆనకట్ట కట్టి ఇరవై ఏళ్ళు దాటింది. ఒకే ఊళ్ళో నదిని కొలిచే స్కేలూ ఉంది, ఆడపిల్లల బడీ ఉంది. నూటయాభై ఏళ్ళు గడిచాయి. ఆ బడిలో చదివిన పిల్లలు ఈ స్కేలును చదివి, అది చెప్పేదాన్ని ప్రశ్నించే రోజు ఇంకా పూర్తిగా రాలేదు. తెలుగులో "లెక్క అడగడం" అంటే జవాబుదారీ అడగడం అని కూడా కదా అర్థం! ఆ రెండో అర్థం మా డిగ్రీ తరగతుల్లోకి రావడానికి మీ సహకారం కావాలి.